మూల మంచానికి వచ్చిన రేగు కొమ్మ

పట్నం పెద్దాస్పత్రిలో మూల మంచం అంటే నటాల్ కొండల్లో పిల్లలక్కూడా తెలుసు.

మారాం చేసే పిల్లాణ్ణి బూచాడి పేరు చెప్పి కాదు, "మూల మంచం మీద పడుకోబెడతా" అని భయపెట్టే తల్లులుండేవాళ్లు. తాగి బండి నడిపే మొగుళ్లని పెళ్లాలు తిట్టే తిట్టూ అదే — "నీకు మూల మంచమే రాసిపెట్టి ఉంది, పో!"

చూడ్డానికి మామూలు ఇనప మంచం. తలకి గట్టి దెబ్బ తగిలి, పిలిచినా పలకని వాళ్లని పెట్టే గది అది. ఐసీయూ. గోడ వెంట వరసగా మంచాలు, ఒక్కో మంచం పక్కన ఊపిరి పోసే మిషను. చిట్టచివర, కిటికీ లేని మూలకి ఉంటుంది ఇది.

తల దెబ్బ వాళ్లకి ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. మంచం తల వైపు ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి. మెడ ఇటూ అటూ వాలకూడదు. లోపల మెదడు వాచి ఉంటుంది, పుర్రెలో దానికి చోటు చాలదు. తల కిందికి దిగిందా, లోపలి ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే పుర్రెకి చిన్న కన్నం పెట్టి, తీగ దింపుతారు. ఆ తీగ చెప్పే అంకె మంచం పైన తెర మీద పచ్చగా వెలుగుతూ ఉంటుంది. ఇరవై లోపుంటే నర్సులు కబుర్లాడుకుంటారు. ఇరవై దాటితే... కబుర్లు ఆగిపోతాయి.

మూల మంచం చేసేది ఒక్కటే. రాత్రిపూట — దాని తల దిగుతుంది.

దానంతటదే. ఎవరూ చెయ్యి వెయ్యకుండా. కొత్తగా ఏ మగమనిషి వచ్చి పడుకున్నా సరే, మొదటి రాత్రి, ఒకే ఒక్కసారి. కిర్రుమనదు. చప్పుడు చెయ్యదు. మెల్లిగా... మెల్లిగా... పడుకున్నవాడి మొహం దీపం కింద వెల్లకిలా పడేదాకా. నర్సు పరుగెత్తుకొచ్చి ఎత్తాక, మళ్లీ దిగదు. ఆడమనిషిని పడుకోబెడితే అసలు దిగనే దిగదు.

"నూనె కారుతోంది," అన్నాడు మెకానిక్కు. వాషరు మార్చాడు. మళ్లీ దిగింది. మంచమే మార్చారు. ఆ మూలలో పెట్టిన కొత్త మంచమూ దిగింది.

"మొహం చూసుకుంటున్నాడు..." అనేవాళ్లు గది ఊడ్చేవాళ్లు, చీపురు ఆపకుండా, గుసగుసగా. "వీడు కాదని తెలిశాక వదిలేస్తున్నాడు."

ఎవడు? ఎవరి కోసం?

అది కూడా అందరికీ తెలుసు. పైకి అనరు, అంతే.

ఫిలాని అని ఒక కుర్రాడు టాక్సీ వ్యాను నడిపేవాడు. ఒకనాడు స్టాండు బయట, రోడ్డు పక్కన కూలబడిపోయిన నిండు చూలాల్ని ఎక్కించుకున్నాడు. వరసలో తన వంతు రాకుండానే. ఆ స్టాండుకి పెద్ద గ్వాలా. వరస తప్పినవాడికి నోటితో చెప్పే రకం కాదు గ్వాలా. గుండుకర్రతో చెప్పాడు. తల మీద చెప్పాడు.

స్టాండు నిండా జనం. పోలీసులొచ్చి అడిగితే ఒక్కరూ చూడలేదు. ఆ పూట జనమంతా కళ్లు ఇంట్లో పెట్టి వచ్చారు మరి.

ఫిలాని మూల మంచం మీద చాన్నాళ్లున్నాడు. తల్లి మాఖోజా పక్కన కుర్చీలో ఉండేది. ఊపిరి మిషను బుస్సుమని లాగుతుంటే ఈవిడ కూడా దానితో పాటే ఊపిరి లాగేది. ఒకరోజు మిషను ఆపేశారు. ఈవిడ ఊపిరి మాత్రం ఆగలేదు. అదే ఆవిడకి కోపం.

మా వైపు మనిషి ఎక్కడ పోతే ఆత్మ అక్కడే ఉండిపోతుంది. ఇంటివాళ్లు ముళ్లరేగు కొమ్మ విరుచుకొచ్చి, ఆ చోట ఆనించి, పేరు పెట్టి, తండ్రి తాతల పేర్లు పెట్టి పిలిస్తే కొమ్మ ఎక్కుతుంది. కొమ్మ పట్టుకున్న మనిషి ఇల్లు చేరేదాకా బతికున్నవాళ్లతో మాట్లాడకూడదు. ఆత్మకి మాత్రం దారంతా చెప్పుకుంటూ రావాలి. మలుపొస్తే మలుపని, ఏరొస్తే ఏరని. బండెక్కితే దానికీ ఒక సీటు తీసుకోవాలి. అక్కడి నర్సులకి ఇది కొత్త కాదు. కొమ్మతో ఎవరైనా వస్తే పరదా లాగి, పక్కకి తప్పుకుంటారు.

మాఖోజా వచ్చింది. ఉత్త చేతులతో వచ్చింది.

"కొమ్మేదమ్మా?" అంది పెద్ద నర్సు, సిస్టర్ ఎన్గేమా.

మాఖోజా మంచం కమ్మీ పట్టుకుంది.

"నాయనా, నిన్ను తీసుకెళ్లను," అంది. "ఇక్కడే ఉండు. నిన్నిక్కడికి పంపినవాడు ఇక్కడికే వస్తాడు. వచ్చేదాకా... ఉండు."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రే మంచం తల మొదటిసారి దిగింది.

*

మంచు పట్టిన ఒక సాయంత్రం, కొండ మలుపులో గ్వాలా వ్యాను బోల్తా పడింది. ఎక్కినవాళ్లందరికీ గీరుకుపోయిందంతే. గ్వాలా ఒక్కడి తలే అద్దం పగలగొట్టుకుని బయటికొచ్చింది.

ఆయన భార్య జిబుయీలె ఆస్పత్రికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. వరండాలో దుప్పట్లు కప్పుకుని రోగుల తాలూకు ఆడవాళ్లు కూర్చున్నారు. ఈమెని చూసి సర్దుకున్నారు. చోటివ్వడానికి కాదు, దూరం జరగడానికి.

"సిస్టర్, ఏ మంచం మీద పెట్టారు?"

సిస్టర్ ఎన్గేమా చేతిలో కాయితాలు సర్దుకుంది.

"మిగతావన్నీ నిండి ఉన్నాయమ్మా..." అంది చివరికి.

వెనకనుంచి ఎవరో మెల్లిగా అన్నారు —

"మా తమ్ముణ్ణి మంచం లేదని ఈ వరండాలోనే పడేశారు. గ్వాలాకి చూడు, రాగానే దొరికింది."

"దొరకడమేంటే పిచ్చిదానా," అంది ఇంకో గొంతు. "అట్టిపెట్టారు."

ఎవరూ నవ్వలేదు.

గ్వాలా భారీ మనిషి. ఆ మంచం మీద పట్టక, పాదాలు బయటికొచ్చి ఉన్నాయి. తలంతా కట్టు. నోట్లో గొట్టం. మెడ వాలకుండా రెండు పక్కలా చుట్టలు చుట్టిన తువ్వాళ్లు. స్టాండులో ఆయన దగ్గితే డ్రైవర్లు బీడీలు ఆర్పేసేవాళ్లు. ఇప్పుడు ఆయన ఊపిరి కూడా ఆయనది కాదు.

"పిలవచ్చా?"

"పిలు. మెల్లిగా. గట్టిగా ఏడ్చావంటే అంకె పెరుగుతుంది."

అంకె పద్నాలుగు.

సిస్టర్ టార్చి తీసి ఆయన రెప్పలెత్తి చూసింది. గిల్లి చూసింది. ఆయన చెయ్యి లోపలికి ముడుచుకుంది. అది కాయితం మీద రాసుకుని వెళ్లిపోయింది. జిబుయీలె ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అర్ధరాత్రి దాటాక...

ఆమె చూపు ముందు చేతి మీదే ఉంది. తర్వాత ఎందుకో, ఆయన గడ్డం ఇందాకటికన్నా పైకి కనిపించింది. తర్వాత ముక్కు. మొహం మొత్తం దీపం కిందికి మెల్లిగా తేలుతోంది — నీళ్లలోంచి పైకొచ్చినట్టు.

మంచం తల దిగుతోంది.

పందొమ్మిది... ఇరవై రెండు... ఇరవై ఆరు...

"సిస్టర్!"

అరుపు కాదు, గాలి వచ్చింది నోట్లోంచి. నర్సులిద్దరు పరుగెత్తుకొచ్చి మంచం ఎత్తారు. మందు పెంచారు. అంకె తిరిగి దిగింది.

"అయిపోయింది లే," అంది సిస్టర్, చెమట తుడుచుకుంటూ. "మొదటి రాత్రి ఒకసారే. ఇంక దిగదు."

ఇంకా ఆ మాట నోట్లో ఉండగానే, దిగింది.

ఎత్తారు. దిగింది. పరుపు కింద చెక్క దిమ్మ పెట్టారు. తెల్లారేసరికి దిమ్మ నేల మీద ఉంది. పడినట్టు లేదు. తీసి, చప్పుడవకుండా పెట్టినట్టుంది. మర్నాటి రాత్రి గాజుగుడ్డ పేలికలతో కమ్మీకి బిగించి కట్టారు. ముడులు కోసినట్టు కాదు, తెగినట్టు కాదు. ఎవరో ఓపిగ్గా విప్పినట్టు ఊడి ఉన్నాయి.

వేరే మంచానికి మారుద్దామంటే, కదిపితే ఒత్తిడి తట్టుకోలేడన్నారు. గాఢమైన ఉప్పునీళ్ల సెలైను ఎక్కించారు. మత్తు పెంచారు. కుర్ర డాక్టరు కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పుర్రె ఎముక కొంత తీసి చోటు చేస్తామమ్మా," అన్నాడు. "కానీ అంకె ఇలాగే ఎగబాకుతుంటే... నిలవడు."

డాక్టరు వెళ్లాక సిస్టర్ ఎన్గేమా దగ్గరికొచ్చి చెవిలో అంది.

"నేను నర్సుని. ఈ మాట నేను అనకూడదు. మేం చెయ్యగలిగిందంతా చేస్తున్నాం. చెయ్యాల్సిన మనిషి ఇంకొకావిడ ఉంది... ఆ కొండ మీద."

జిబుయీలెకి ఎవరని అడగాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు స్టాండు నుంచి ఇంటికొచ్చి కర్ర తలుపు వెనక పెట్టాడు గ్వాలా. "మేక రక్తం, కడిగెయ్," అన్నాడు. ఆమె కడిగింది. మేక రక్తంలో అలా నల్లటి ఉంగరాల జుట్టు అంటుకుని ఉండదని ఆమెకి తెలుసు. తెలిసే కడిగింది. చెడ్డవాడే... కానీ ఆమె మొగుడు. పిల్లలకి తండ్రి. ఇంట్లో ఆయన దగ్గు వినపడకపోతే పిల్లలకి నిద్ర పట్టదు.

తెల్లారగానే బయల్దేరింది.

*

మాఖోజా ముంగిట్లో కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"ఎవరు?"

"గ్వాలా ఇంటిదాన్నమ్మా."

"ఆలస్యం చేశావే. నిన్ననే వస్తావనుకున్నా."

గుండ్రటి పూరింట్లోకి వంగి వెళ్లారు. జిబుయీలె భుజాల మీద గుడ్డ సవరించుకుని, ఆడవాళ్ల వైపు చాప మీద కాళ్లు మడిచి కూర్చుంది. మాఖోజా మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"అంకె ఎంత?"

జిబుయీలె తడబడింది. "రాత్రి... ఇరవై ఎనిమిది."

"మావాడిది ముప్పై దాటింది. ఉప్పునీళ్లు ఎక్కిస్తున్నారా?"

"ఎక్కిస్తున్నారు."

"కంట్లో దీపం వేస్తే నల్లగుడ్డు చిన్నదవుతోందా?"

"ఒక కన్ను అవుతోంది..."

"ఒక కన్ను." మాఖోజా కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు తలూపింది. "గిల్లితే చెయ్యి ముడుస్తాడు. నువ్వా చెయ్యి పట్టుకుని, నన్ను గుర్తుపట్టాడనుకుంటావు. నేనూ అనుకున్నా."

జిబుయీలె ముందుకి వంగి ఆవిడ పాదాలు అందుకుంది.

"అమ్మా, మీ అబ్బాయిని ఇంటికి తెచ్చుకోండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లకేం నొప్పి లేదు, వదులు. మీ ఆయన ఏం చేశాడు? చెప్పు. నీ నోటితో వినాలి."

"అమ్మా..."

"చెప్పు."

"కొట్టాడు."

"ఎక్కడ?"

"తల మీద."

"కింద పడ్డాక?"

జిబుయీలె కళ్లు మూసుకుంది. "పడ్డాక కూడా... కొట్టాడని విన్నా."

"కర్ర ఎవరు కడిగారు?"

బయట కోడి ఒకటి గింజల మీద పడి కొట్టుకుంటోంది.

"నేనే."

"మంచి ఇల్లాలివి," అంది మాఖోజా.

కంకి చేతిలో ఒకసారి తిప్పింది. తర్వాత గొంతు మార్చి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అంది —

"వస్తాను. నా బిడ్డ చాన్నాళ్లుగా పరాయి చోట పడుకున్నాడు. వీపు నొప్పెడుతూ ఉంటుంది. కానీ కొమ్మ పట్టుకుంటే నేను ఎవరితోనూ మాట్లాడకూడదు. దారిలో మాట్లాడ్డానికి ఇంట్లో ఒకడుండేవాడు. వాణ్ణి మీ ఆయన ఉంచలేదు. నా నోరు నువ్వవ్వాలి. ఆస్పత్రికీ, తిరిగి ఈ గుమ్మం దాకా."

"అవుతానమ్మా. తప్పకుండా."

"ఇంకోటుంది. మీ మామ పేరు చెప్పు."

మెట్టినింటి కోడలు మామ పేరు పలకదు. పేరు సరే, ఆ పేరుని తలపించే మాట ఉన్నా దాన్ని వదిలేసి వేరే మాట వెతుక్కుంటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పేరు ఆమె పెదవి దాటలేదు.

"ఎందుకమ్మా అది?"

"ఎందుకా? నా కొడుకు తల మట్టిలో దొర్లింది. నీ తల కాస్త వంచుకుంటే అరిగిపోతావా? సిగ్గుపడు. నా ఎదట సిగ్గుపడు. నీ దగ్గర నేనింకేం పుచ్చుకోను?"

అంతే కదా, అనుకుంది జిబుయీలె. సిగ్గే కదా. సిగ్గుకి ప్రాణం వస్తుందంటే ఎవరు బేరమాడతారు?

"...బెకిజిజ్వే."

"ఆయన తండ్రి?"

"మథాంబో."

"మీ ఆయనకి కన్నతల్లి పెట్టిన పేరు?"

"ఫన్యానా..."

మాఖోజా ఒక్కో పేరూ పెదాల మీద తిప్పుకుంది, చప్పుడు లేకుండా.

"బాగున్నాయి," అంది. లేచి వెళ్లి చెంబుతో పులిసిన పాలు తెచ్చింది. "తాగు పిల్లా. దూరం నుంచి వచ్చావు."

ఆ పాలు తాగుతూ జిబుయీలె ఏడ్చింది. ఇంత మంచావిడని తెలీక ఎంత భయపడ్డానో, అనుకుంది.

*

వాళ్లు ఆస్పత్రికి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. మాఖోజా నల్ల దుప్పటి కప్పుకుంది. చేతిలో రేగు కొమ్మ — ఒక ముల్లు ముందుకి పొడుచుకుని, పక్కనే ఇంకో ముల్లు వెనక్కి కొక్కెంలా వంగి. వరండాలో ఆడవాళ్లు గబగబా లేచి దారి వదిలారు.

"ఫిలాని తల్లి... కొడుకుని తీసుకెళ్లడానికొచ్చింది," అంది జిబుయీలె ఆమె తరఫున.

సిస్టర్ ఎన్గేమా గుండె మీద చెయ్యి వేసుకుంది. పరదా లాగింది.

తెర మీద ఇరవై ఏడు.

మంచం తల అప్పటికే సగం దిగి ఉంది. గ్వాలా మొహం దీపం కింద పసుపు పచ్చగా మెరుస్తోంది. మాఖోజా ఆ మొహం వంక చూసింది. ఎంతసేపో చూసింది — మొక్కు తీరినవాళ్లు చూసినట్టు.

కొమ్మ వంచి మంచం కమ్మీకి ఆనించింది. మొదలెట్టింది. గుసగుస. ఊపిరి మిషను బుస్సులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. ఫిలాని పేరు వినపడింది. వాళ్ల నాన్న పేరు వినపడింది. "అమ్మని... రా..." అన్నట్టు వినపడింది.

ఆపుతుందనుకుంది జిబుయీలె. ఆపలేదు.

ఇంకాసేపు పెదాలు కదిలాయి. మిషను బుస్సుమంది. ఒక్కమాటా వినపడలేదు.

అప్పుడు మంచం కదిలింది.

తల వైపు... పైకి లేచింది. దానంతటదే. చెయ్యి పెట్టి పైకెత్తినట్టు — నెమ్మదిగా, జాగ్రత్తగా.

ఇరవై రెండు... పదిహేడు... పన్నెండు.

"అమ్మయ్య!" అంది సిస్టర్ ఎన్గేమా. "చూశావా తల్లీ, చూశావా? ఈయన వచ్చాక అంకె ఇంత కిందికి దిగడం నేను చూళ్లేదు. వెళ్లు, ఆవిణ్ణి ఇంటికి చేర్చు. మాటిచ్చావుగా. ఏమైనా ఉంటే నేను ఫోన్ చేస్తాను. ఏమీ ఉండదులే."

జిబుయీలె మొగుడి నుదురు ముట్టుకుంది. చల్లగా, హాయిగా ఉంది.

స్టాండులో కొండ ఊళ్లకి వెళ్లే చివరి వ్యాను నిలబడి ఉంది. డ్రైవరు కొమ్మని చూసి టోపీ తీశాడు.

"ఎన్ని సీట్లమ్మా?"

"మూడు," అంది జిబుయీలె. తనకొకటి, ఆవిడకొకటి, ఫిలానికొకటి.

మాఖోజా దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసింది. నాలుగు వేళ్లు చూపించింది.

"నాలుగోది ఎవరికి?" అన్నాడు డ్రైవరు. "పెద్దమ్మ కాళ్లు చాపుకుంటుందా ఏం?"

జిబుయీలె కూడా నవ్వింది. ముసలావిడ, నడుం వాల్చుకోవాలేమో అనుకుంది. ఆ రాత్రి ఆమె నాలుగేం ఖర్మ, వ్యానంతా తీసుకొమ్మన్నా తీసుకునేది. అంత తేలిగ్గా ఉంది మనసు.

వెనక వరసంతా వాళ్లదే. కిటికీ దగ్గర జిబుయీలె. పక్కన మాఖోజా. ఆవిడ పక్కన కొమ్మ. ఆ చివర ఒక ఖాళీ సీటు.

దారంతా మాఖోజా చెబుతూనే ఉంది. "నాయనా, పట్నం దాటాం... నాయనా, ఎగువ మొదలైంది... చలిగా ఉంది, దగ్గరికి జరుగు..." ఆ గొంతు వింటూ జిబుయీలెకి నిద్ర ముంచుకొచ్చింది. రేపు ఆయన కళ్లు తెరుస్తారు. ఎల్లుండి...

తుగేలా ఏరు వచ్చింది. వంతెన దీపాలు కనపడ్డాయి.

"ఫిలానీ, ఏరొచ్చింది నాయనా," అంది మాఖోజా. "దాటు."

కొమ్మ ఆకులు ఒకసారి అల్లాడాయి. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

ఆ తర్వాత మాఖోజా ఇంకాస్త పక్కకి తిరిగింది. ఆ చివర, ఖాళీ సీటు వైపు.

"మథాంబో మనవడా... బెకిజిజ్వే కొడకా... ఫన్యానా గ్వాలా. ఏరొచ్చింది. నువ్వూ దాటు. భయపడకు — మావాడు నీ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. వదలడులే."

జిబుయీలె నిద్ర ఎగిరిపోయింది.

ముందు చెవులు నమ్మలేదు. తర్వాత ఆ పేర్లు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. తండ్రి తాతల పేర్లు... ఆ పేర్లు ఎవరిచ్చారు? సిగ్గనుకుని ఎవరి నోరు పలికింది? బతికున్న మనిషిని కొమ్మతో పిలవడం ఎక్కడా లేదు. ఎవరూ వినలేదు. కానీ ఊపిరి మిషనుది అయిపోయినవాడు, పిలిస్తే పలకనివాడు... ఇటువాడా? అటువాడా?

"అమ్మా!" ఆవిడ దుప్పటి పట్టుకుని లాగింది. "ఆయన బతికే ఉన్నారమ్మా! పిలవకండమ్మా! వెనక్కి పంపండి — కర్ర కడిగింది నేను, నన్ను ఏమన్నా చెయ్యండి..."

మాఖోజా ఆమె వంక చూడలేదు.

"ఆపు! అన్నా, బండాపు! వంతెన దాటకు!"

"వంతెన మీద ఆపకూడదమ్మా," అన్నాడు డ్రైవరు, అద్దంలోంచి చూస్తూ. "ఏమైంది? వాంతా? అవతలొడ్డుకి పోయాక ఆపుతా."

కింద నల్లటి నీళ్లు. వ్యాను చక్రాలు ఇనప అతుకుల మీద టకటకమన్నాయి.

సరిగ్గా వంతెన నడిమధ్యన, ఆమె ఒళ్లో ఫోను మోగింది.

ఎత్తింది. అవతల సిస్టర్ ఎన్గేమా.

"తల్లీ... మంచం దిగలేదమ్మా. అంకె కూడా పెరగలేదు. మేమంతా అక్కడే ఉన్నాం... ఏమీ కాలేదు. ఏమీ కాకుండానే..."

మిగతా మాటలు ఆమెకి వినపడలేదు.

అవతలొడ్డున వ్యాను ఆగింది. సాయంత్రపు కాపలా పని ముగించుకున్న ఒక ముసలాయన, చేతిలో లాంతరుతో, వణుకుతూ ఎక్కాడు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. వెనక వరస దాకా వంగి వంగి వచ్చాడు. చివరి సీటు చూశాడు. దాని మీది రెక్సిను నడుమ గుంట పడి ఉంది, భారీ మనిషి ఎవరో కూర్చున్నట్టు.

"ఇది ఖాళీయేనా అమ్మా?" అని మాఖోజాని అడిగాడు.

మాఖోజా పలకలేదు. మెడ తిప్పి జిబుయీలె వంక చూసింది. అంతదాకా దారిలో జవాబులన్నీ చెప్పింది ఆమే మరి.

ముసలాయన ఎదురుచూస్తున్నాడు. వ్యానులో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"కాదండీ," అంది జిబుయీలె. గొంతు ఆమెది కానట్టుంది. "అక్కడ... మా ఆయన కూర్చున్నారు."